కరెంటు తక్కువ కాల్చిన నేరం

మా బెజవాడలో ఎండ గురించి ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. చెప్పడానికి నోరు తెరిస్తే ఉన్న కాస్త తడీ ఆరిపోతుందని భయం. అలాంటి ఊళ్లో, అదీ మా టెలిఫోన్ కాలనీలో, 'హిమవంత' అనే విలాసవంతమైన అపార్ట్‌మెంట్ల టవరు లేవబోతోందనీ, కరెంటు పొదుపులో అది ఊరందరికీ పాఠం చెబుతుందనీ ఒక పెద్ద బోర్డు వెలిసింది. ఆ బోర్డు నీడలో ఆటోవాళ్లు బళ్లు పెట్టుకుని కునికిపాట్లు పడేవాళ్లు. హిమవంత వల్ల జనానికి చల్లదనం కలిగిందన్న మాట, అంతవరకూ నిజమే.

నా పేరు పానకాలరావు. మందుల షాపు నడుపుతాను. సౌభాగ్య అపార్ట్‌మెంట్స్ ఓనర్ల సంఘానికి కార్యదర్శిని కూడా. ఎన్నిక జరిగిన మీటింగుకి నేను వెళ్లలేదు, అందుకని నన్నే ఎన్నుకున్నారు.

మా సౌభాగ్య పాతకాలపు బిల్డింగు. మూడంతస్తులు, బారు వరండాలు, చెక్క కిటికీలు, లిఫ్టు లేదు. వెనకాల మా సంఘానిదే పెద్ద ఖాళీ జాగా ఉంది. అందులో పిచ్చిమొక్కలు తప్ప ఇంకేవీ పెరగకపోవడం చూసి శేషగిరిగారనే బిల్డరు ఒకరోజు మా షాపుకొచ్చి కూర్చున్నారు. ఖాళీ జాగాలో టవరు కడతానన్నారు. మాకు ఇంటికో ఫ్లాటు అందులో ఇస్తానన్నారు. మేమంతా అందులోకి మారాక పాత బిల్డింగు పడగొట్టి తోట వేస్తానన్నారు. మా వాళ్లు తోట గురించి అడిగారు, పార్కింగు గురించి అడిగారు, వాస్తు గురించి అయితే ఒక పూటంతా అడిగారు. మా అత్తయ్య రాఘవమ్మగారు మాత్రం ఒక్కటే అడిగింది.

"లిఫ్టు ఉంటుందా నాయనా?"

"రెండుంటాయమ్మా. గాజువి. లోపల నించుంటే ఊరంతా కనపడుద్ది."

అత్తయ్య మాతోనే మూడో అంతస్తులో ఉంటుంది. మోకాళ్లు పూర్తిగా పోయాయి. బల్లపరుపు నేల మీద చేతికర్రతో ఇల్లంతా తిరుగుతుంది గానీ మెట్టు కనిపిస్తే ఆగిపోతుంది. కొన్నేళ్లుగా ఆవిడ కిందికి దిగడమంటే ఆస్పత్రికే, అదీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగాళ్లు మోసుకెళ్తేనే. పెళ్లికూతుర్ని కూడా ఇలా మోయరని మోసేవాళ్లని నవ్వించేది. ఇంటికొచ్చాక మళ్లీ ఆ ఊసెత్తితే మాట మార్చేసేది. ఆవిడకి ఊరు చూడాలని లేదు, గాజు లిఫ్టూ అక్కర్లేదు. బుద్ధి పుట్టినప్పుడు ఎవర్నీ అడక్కుండా కిందికి దిగాలి, బుద్ధి పుట్టినప్పుడు పైకి రావాలి. ఇంతకన్నా ఏమీ కోరలేదు. కాబట్టి ఇంట్లో ఓటు హిమవంతకే పడింది.

టవరుకి బొమ్మ గీయడానికి లాస్య అనే ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చింది. ముందు మా సౌభాగ్య అంతా తిరిగింది. వరండాల్లో కూర్చుంది, కిటికీలు తీసి చూసింది, మా ఆవిడ విశాలాక్షి ఇచ్చిన మజ్జిగ తాగింది. ఆ తర్వాత వేసిన ప్లానులో పడమటి గోడలు మందంగా ఉన్నాయి. కిటికీల మీద వెడల్పాటి సన్‌షేడ్లున్నాయి. ప్రతి ఫ్లాటుకీ గాలి ఇటు నుంచి వచ్చి అటు పోయేట్టు వరండాలున్నాయి.

శేషగిరిగారు ప్లాను తిరగేసి బోర్లేసి చూశారు. "బానే ఉందమ్మా. ఇందులో పొదుపెక్కడ?"

"ఇదేనండీ పొదుపు. ఈ వరండాల వల్ల ఏసీ పెద్దగా అవసరం పడదు."

"ఏసీ అవసరం లేని ఇంటిని లగ్జరీ అంటే ఎవడు కొంటాడమ్మా? వరండా మా తాతగారింట్లోనూ ఉండేది. ఆయన లగ్జరీగా బతికాడని ఎవరన్నా అనుకున్నారా? కొనేవాడికి పొదుపు కంటికి కనపడాలి. ఇదిగో పొదుపు అని చేత్తో తట్టి చూపించాలి నేను."

అందుకని గోడలు తీసేసి గాజు పెట్టారు. గాజులోంచి ఎండ వస్తుంది కనక రెండు పొరల గాజు పెట్టారు. అయినా వస్తోంది కనక దానికి నల్లటి ఫిల్ము అంటించారు. లోపల చీకటైంది కనక పగలు కూడా వెలిగే లైట్లు పెట్టారు. లైట్లు వృథాగా వెలగకూడదు కనక, మనిషి కదిలితే వెలిగించి కదలకపోతే ఆర్పేసే యంత్రాలు పెట్టారు. మనిషి ఎప్పుడు కదులుతాడో తెలియదు కనక ఆ యంత్రాలు రాత్రింబవళ్లు మెలకువగా ఉండాలి, వాటికి వేరే లైను లాగారు. గాజు కిటికీలు తెరుచుకోవు కనక గాలిని లోపలికి తోసే యంత్రం ఒకటి, లోపలి గాలిని బయటికి నెట్టే యంత్రం ఒకటి వచ్చాయి. ఇవన్నీ సరిగ్గా పొదుపు చేస్తున్నాయా లేదా అని కనిపెట్టుకుని ఉండడానికి కింద ఒక గదినిండా కంప్యూటర్లు పెట్టారు. కంప్యూటర్లు వేడెక్కుతాయి కనక ఆ గదికి ప్రత్యేకంగా ఏసీ పెట్టారు. డాబా మీద సోలారు పలకలు పరిచారు. అవి ఆ గది ఏసీకి సరిపోయాయి.

"నువ్వు గీసింది ఏమన్నా మిగిలిందా అమ్మా?" అని లాస్యని అడిగాను.

"మెట్లు మిగిలాయి అంకుల్," అంది. "వాటిని ఎవరూ వాడరు కాబట్టి వదిలేశారు."

టవరు పూర్తయింది. రంగులు ఆరాయి. మేం సామాన్లు మూటలు కట్టడం మొదలుపెట్టాం. అప్పుడు తెలిసింది, నగర ఇంధన పొదుపు ధ్రువీకరణ మండలి వారు ఒప్పుకోనిదే ఎవరూ లోపల కాలు పెట్టకూడదని. నియమం ఒక్కటే. కొత్త భవనం సాధారణ భవనం కన్నా, చదరపు అడుగు లెక్కన, సగం తక్కువ కరెంటు కాల్చాలి. మండలి కార్యదర్శి కోదండపాణిగారు తనిఖీకి వచ్చారు. సౌమ్యుడు, గొంతు పెంచి మాట్లాడరు. ఆయన మాట్లాడుతుంటే మాత్రం ఎవరో కాగితం చూసి చదువుతున్నారేమో అనిపించి వెనక్కి తిరిగి చూసుకుంటాం.

"పొదుపు అనునది సాపేక్ష పదము," అన్నారాయన హిమవంత పై అంతస్తులో నిలబడి. "ఫలానా దానికంటే తక్కువ అని నిరూపణ కావలెను. మీ ఫలానా ఏది?"

లాస్య తన కంప్యూటరులో చూపించింది. ఇదే టవరుని మామూలు గోడలతో, మామూలు లైట్లతో కట్టి ఉంటే ఎంత కరెంటు కాల్చేదో అందులో లెక్క కట్టి ఉంది. దేశమంతా అలాగే లెక్క కడతారని కూడా చెప్పింది.

"ఇది బొమ్మ. బొమ్మకు మేము మీటరు బిగించజాలము. మండలి వారి విధానం క్షేత్రస్థాయి పరిశీలన." ఆయన గాజులోంచి బయటికి చూశారు. "ఆ చీకట్లో కనిపిస్తున్నదేమి?"

"చీకటి కాద్సార్, మధ్యాహ్నమే. ఫిల్ము వల్ల అలా ఉంది," అన్నాను నేను. "ఆ కనిపించేది మా సౌభాగ్య."

"అందులో పొదుపు ఏర్పాట్లు ఏమైనా ఉన్నవా?"

"ఒక్కటి కూడా లేదు సార్."

"గాజు?"

"గాజు గ్లాసులున్నాయి సార్."

కోదండపాణిగారి ముఖం విప్పారింది. "అయితే అదియే సాధారణ భవనము. తక్షణమే దానిని ఆధార భవనముగా ప్రకటిస్తున్నాము. వేసవి ముగియు వరకు రెండింటికీ మీటర్లు పెట్టి చూచెదము."

మాకు పట్టరానంత సంతోషం కలిగింది. మా పాత కొంపని ఓడించడం టవరుకి ఒక లెక్కా? విశాలాక్షి రవ్వలడ్లు చేసి అన్ని ఇళ్లకీ పంచింది. అత్తయ్య అయితే లిఫ్టులో నిలబడాలా, స్టూలు వేసుకుని కూర్చోవచ్చా అని నన్ను అడిగింది.

వేసవి మధ్యలో కోదండపాణిగారు మీటర్లు చూడడానికి వచ్చారు. హిమవంతలో యంత్రాలన్నీ నడిపి పెట్టారు, మనుషులు లేరు. మా దాంట్లో మనుషులున్నారు, యంత్రాలు లేవు. ఆయన రెండు మీటర్ల మధ్య అటూ ఇటూ తిరిగారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అడుగు లెక్కన చూసినా టవరు మాకన్నా ఎన్నో రెట్లు కాల్చింది. శేషగిరిగారు మీటరుని వేలితో తట్టి చూశారు. లాస్య మాత్రం తల వంచుకుని నేలకేసి చూస్తోంది. నవ్వాపుకుంటోందని నాకు అనుమానం.

"హిమవంతలో లోపము లేదు," అన్నారు చివరికి కోదండపాణిగారు. "అందలి ప్రతి యంత్రమూ ధ్రువీకరింపబడినది. లోపము ఆధార భవనమందున్నది. ఆధార భవనము తన కనీస బాధ్యతను నిర్వర్తించుట లేదు."

ఆ వారంలోనే నాకు నోటీసు వచ్చింది. మీరు కరెంటు తక్కువ కాల్చుటకు గల కారణములను లిఖితపూర్వకముగా తెలుపవలెను అని. ఏమని తెలుపుతాను? నేను పుట్టినప్పటి నుంచి మా ఇళ్లలో గదిలోంచి మనిషి బయటికి వస్తే స్విచ్చి ఆర్పడమే గాని, ఎందుకు ఆర్పావని అడిగినవాళ్లు లేరు. సమాధానం రాకపోయేసరికి ఆయనే స్వయంగా విచారణకి మా ఇంటికొచ్చారు.

వచ్చేసరికి అత్తయ్య ముందుగదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"లోపలి గదియందు ఫ్యాను ఎందుకు ఆగి ఉన్నది?"

"అందులో ఎవరూ లేరు కదా నాయనా."

"ఎవరూ లేనంత మాత్రాన ఆపివేయుదురా?"

అత్తయ్య చిక్కుడుకాయ పట్టుకుని ఆయన వైపు తిరిగింది. "మరి ఎవరికి తిరగాలి?"

కోదండపాణిగారు 'నివాసితులలో తీవ్రమైన అపోహలు' అని రాసుకున్నారు.

అపోహలు తొలగించడానికి మా సంఘం హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. గోడలకి బోర్డులు తగిలించారు. బయటికి వెళ్తున్నారా, లైట్లన్నీ వేశారా అని ఒకటి. మీ తరం కాల్చకపోతే మీ పిల్లలకి ఫ్లాటు లేదు అని ఒకటి. ఇన్నాళ్లూ స్కూళ్లలో పొదుపు మీద పాఠాలు చెప్పిన కోదండపాణిగారే ఇప్పుడు వృథా మీద పాఠం చెప్పారు. ఆయనది నిజాయితీ, ఏది చెప్పినా మనసు పెట్టి చెబుతారు.

"ఫ్రిజ్జు తలుపు తెరచి ఉంచవలెను. గీజరు నిరంతరము వెలుగుచుండవలెను. ఇస్త్రీపెట్టెను వేడిగా ఉంచి, ఇస్త్రీ చేయకుండవలెను."

"ఫ్రిజ్ తలుపు తీసి పెడితే పెరుగు పులుస్తుంది కదండీ?" అని కింద ఫ్లాటు అన్నపూర్ణమ్మగారు అడిగింది.

"పులియనిండు."

"పులిసిన పెరుగు మా ఆయన ముట్టరు."

"సదరు పెరుగుతో మజ్జిగపులుసు చేయవచ్చును," అన్నారాయన. ఆ మాటతో ఆడవాళ్లకి ఆయన మీద నమ్మకం కుదిరింది.

సదస్సు అయిపోయింది. అందరూ లేచారు. ఆఖర్న బయటికొస్తున్న కోదండపాణిగారు గుమ్మం దగ్గర గోడ మీద చెయ్యి వేసి టకటకా ఫ్యాన్లూ లైట్లూ ఆర్పేశారు. విశాలాక్షి మెల్లిగా "సార్" అంది. ఆయన ఆగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. "అలవాటు," అని లోగొంతుకతో మామూలు తెలుగులో చెప్పి, వెనక్కెళ్లి అన్నీ మళ్లీ వేశారు. ఖాళీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే మేమంతా మెట్ల మీద నిలబడి, చావింటి ముందు నిలబడ్డట్టు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఆ ఫ్యాన్లనే చూశాం.

బిల్లంతా శేషగిరిగారు కడతానన్నారు. అంతటితో ఆగక ప్రతి ఫ్లాటుకీ ఒక ఏసీ బిగించారు. మేం చిత్తశుద్ధితో ప్రయత్నించాం, కాదనకూడదు. కానీ మొదటి రోజు అన్నపూర్ణమ్మగారు ఏసీ వేసుకుని, చల్లగా ఉంది కదా అని పక్కింటావిడని పిలిచింది. ఆవిడ పిల్లల్ని తీసుకుని వచ్చింది. పైనుంచి మిగతావాళ్లు దిగారు. అందరూ ఒక్క గదిలో చేరి టీవీ చూశారు, ఒడియాలు వేయించుకు తిన్నారు, మధ్యాహ్నం అక్కడే నడుం వాల్చారు. వచ్చేవాళ్లు ఊరికే రారు కదా, ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి వచ్చారు. ఇలా రోజుకొకరి ఇంట్లో వంతులు పెట్టుకున్నారు. ఏసీలు వచ్చాక మా బిల్డింగులో కరెంటు వాడకం ఇంకా పడిపోయింది.

నేను అత్తయ్య దగ్గర కూర్చుని విడమరిచి చెప్పాను. "మనం ఎంత కాలిస్తే అంత తొందరగా లిఫ్టు. మీరు మాత్రం స్విచ్చి జోలికి వెళ్లకండి."

"అలాగే అల్లుడుగారూ. నా కాళ్ల కోసం కాదూ మీరంతా ఈ పాట్లు పడుతున్నది."

ఆవిడ మాట నిలబెట్టుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించింది. పక్కగదిలో ఫ్యాను వేసి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను భోజనానికి వచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది.

"ఏమిటత్తయ్యా?"

"ఆ ఖాళీ గదిలో అది తిరుగుతుంటే ఎవరో వస్తున్నారనిపిస్తోంది. ఎవరూ రావట్లేదు. అన్నం సయించడం లేదు." నా వైపు చూడకుండా అడిగింది. "నేను భోంచేసే కాసేపన్నా ఆపుకోనా?"

ఆపేశాను. నేనే ఆపేశాను.

వేసవి ముగిసింది. మండలి వారు అత్యవసర సమావేశం పెట్టారు. నన్నూ శేషగిరిగారినీ లాస్యనీ పిలిచారు. కోదండపాణిగారు బాగా చిక్కిపోయారు గాని కళ్లల్లో వెలుగుంది. సమస్యకి పరిష్కారం దొరికిన మనిషి అని చూడగానే తెలిసింది.

"నియమమును మరల పఠించితిమి," అన్నారు. "ఒక భవనము మరొక భవనము కంటే సగము తక్కువ కాల్చవలెనని మాత్రమే ఉన్నది. ఏది ఏదో నియమమందు లేదు. కావున నేటి నుండి సౌభాగ్యయే పొదుపు భవనము. హిమవంత ఆధార భవనము. ప్రాజెక్టు మొత్తముగా ఉత్తీర్ణత పొందినది. అభినందనలు."

శేషగిరిగారు లేచి ఆయన చేతులు పట్టుకుని ఊపేశారు. నాకు ఇంకా బుర్రకెక్కడం లేదు. "మరి మేం టవర్లోకి ఎప్పుడు మారచ్చు సార్?"

"మీరు మారరాదు. సౌభాగ్యలో పొదుపునకు కారణమేమి? గోడలా? కాదు. యంత్రములా? అసలే లేవు. నివాసితులే. కావున సదరు నివాసితులు ఆ భవనమందు అమర్చబడిన పొదుపు పరికరములుగా పరిగణింపబడుదురు. పరికరములను మండలి అనుమతి లేనిదే కదల్చరాదు."

"మా లిఫ్టు సార్?"

"లిఫ్టునకు ఏ లోటూ రాదు. ఆధార భవనము తన వాడకమును నిలుపుకొనవలెను కనుక హిమవంత లిఫ్టులు, లైట్లు, ఏసీలు నిరంతరము నడుచును. మనుషులుంటే ఆర్పివేయు ప్రమాదమున్నది కావున ఎవ్వరినీ ఉండనివ్వము."

ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు గొడవ చేస్తారేమోనని లాస్య అంది. శేషగిరిగారు నవ్వారు. కొన్నవాళ్లలో ఉండడానికి కొన్నవాళ్లెవరూ లేరట. రేటు పెరుగుతోందా లేదా అని ఫోన్లు చేస్తారు తప్ప, లోపల ఏముందో చూసినవాళ్లు కూడా లేరట.

నాకు కోపం వచ్చింది. షాపులో ఆ సాయంత్రం దగ్గు మందు అడిగినవాడిమీద కూడా విసుక్కున్నాను. ఇంటికొచ్చి అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలియక నిజమే చెప్పాను. ఆవిడ అంతా విని, "పోనీలెండి, ఇంకెన్నాళ్లు," అంది. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాణ్ణి. ఆ మాటకి మాత్రం నా దగ్గర ఏ మందూ లేకపోయింది.

సౌభాగ్యకి పచ్చరాయి ఫలకం బిగించే సభ పెట్టారు. అందులో ప్రధాన పరికరానికి సన్మానం. అంటే మా అత్తయ్యకి. ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం దించాం. ఈసారి ఆవిడ ఎవర్నీ నవ్వించలేదు. కోదండపాణిగారు శాలువా కప్పి, వృథాను సహించలేని ఆవిడ స్వభావం గురించి పది నిమిషాలు మాట్లాడారు. జనం చప్పట్లు కొట్టారు. ఎదురుగా హిమవంతలో గాజు లిఫ్టు పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఎవరూ ఎక్కలేదు, మళ్లీ పైకి వెళ్లింది. అత్తయ్య దాన్నే చూస్తోంది.

"ఎటూ దింపారు కదా అల్లుడుగారూ. అందులో ఒక్కసారి ఎక్కించండి."

నేను కోదండపాణిగారి వైపు చూశాను. ఆయన ఉదారంగా చెయ్యి ఊపారు. "ఎక్కనిండు. లిఫ్టు ఎంత తిరిగిన ఆధార భవనమునకు అంత శ్రేయస్సు."

అత్తయ్య తన చేతికర్రతో తనే నడిచి లిఫ్టులోకి వెళ్లింది. పక్కన నేను, విశాలాక్షి, లాస్య. మాకు రాసిచ్చిన ఫ్లాటు ఆరో అంతస్తులో ఉంది. తలుపు తీసే ఉంది. లోపల అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. చలికి ఒళ్లు జలదరించింది.

"ఇది మనదేనా?"

"మనదే."

"ఎవరుంటున్నారు?"

"ఎవరూ లేరత్తయ్యా. ఏసీ ఉంటోంది."

అత్తయ్య హాలు మధ్యకి వెళ్లి, శాలువా ఒళ్లంతా కప్పుకుని, శేషగిరిగారు హంగు కోసం వేయించిన సోఫాలో కూర్చుంది. కర్ర పక్కన పెట్టుకుంది. "మీరు వెళ్లిరండి," అంది. "నేను ఇంక ఆ కుర్చీ ఎక్కను."

కాసేపటికి కోదండపాణిగారు రొప్పుతూ పైకొచ్చారు. లిఫ్టులు రెండూ పైనే ఉన్నాయని మెట్లెక్కి వచ్చారట. "పరికరము అనుమతి లేకుండా స్థానము మారినది. ఇది తీవ్రమైన ఉల్లంఘన. వెంటనే దింపవలెను."

"దింపచ్చు సార్," అంది లాస్య ఎంతో వినయంగా. "కాకపోతే పరికరాల్ని అనుమతి లేకుండా కదల్చకూడదు కదా. ఇప్పుడు ఇక్కణ్నించి దింపాలన్నా మండలి అనుమతి కావాలేమో."

ఆయన గోడకానుకుని నియమాన్ని వేళ్ల మీద ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. పాపం, నియమం ఎవరికైనా తప్పదు అనుకునే మనిషి. "కావలెను," అన్నారు.

"అనుమతి వచ్చేదాకా?"

"యథాతథ స్థితి." ఆ మాట అన్నాక ఆయన కూడా సోఫాలో ఒక పక్కన కూర్చుండిపోయారు.

ఆ అనుమతి కాగితం ఇంకా తిరుగుతూనే ఉంది. పరికరాన్ని ఒంటరిగా వదలకూడదు కనక, నిర్వహణ సిబ్బంది కింద మమ్మల్ని ఉండనిచ్చారు. ఈ సంగతి తెలిసి అన్నపూర్ణమ్మగారు అత్తయ్యని పలకరించడానికి వచ్చి, తన ఫ్లాటులోకి తొంగి చూసి అక్కడే ఉండిపోయింది. ఆవిడని వెతుక్కుంటూ వాళ్లాయన వచ్చారు. చివరికి సౌభాగ్యలో ఉన్న పరికరాలన్నీ ఇలాగే ఒక్కటొక్కటిగా స్థానం మారి, యథాతథ స్థితిలో పడ్డాయి.

ఇందువల్ల కోదండపాణిగారి ఉద్యోగానికి ముప్పొస్తుందేమోనని నేను నిజంగా బాధపడ్డాను. కానీ జరిగింది వేరు. అందరూ వెళ్లిపోయాక సౌభాగ్య మీటరు తిరగడం మానేసింది. అసలు కరెంటే కాల్చని పొదుపు భవనం, దేశంలో ఇంకెక్కడా లేదట. మండలి వారికి షీల్డు వచ్చింది. ఇతర ఊళ్ల నుంచి అధికారులు బస్సుల్లో వచ్చి, తాళం వేసిన మా పాత తలుపుల ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. మేం కాపురం ఉండే టవరుకి మాత్రం ఏ సర్టిఫికెట్టూ లేదు.

అత్తయ్య రోజూ లిఫ్టులో దిగుతుంది. ఎప్పుడు దిగుతుందో మాకు చెప్పదు, మేమూ అడగం. హిమవంతలో చలికి మోకాళ్లు లాగుతున్నాయని, మధ్యాహ్నమైతే మెట్టు లేకుండా నేలకి సమానంగా ఉన్న సౌభాగ్య కింది వరండాలో గాలికి కూర్చుంటుంది. మొన్న కోదండపాణిగారు ఏదో ఊరి బృందాన్ని వెంటబెట్టుకుని, మనిషన్నవాడు లేని పొదుపు భవనాన్ని చూపించడానికి వచ్చారు. వరండాలో కాళ్లు బారజాపుకుని కూర్చున్న అత్తయ్యని చూసి ఆయన బృందాన్ని దూరంగానే ఆపేశారు. నేను షాపులోంచి పరిగెత్తుకెళ్లేసరికి ఆయన ఆవిడ ముందు వంగి, బృందానికి వినపడకుండా మెల్లగా అడుగుతున్నారు.

"అమ్మా, మిమ్మల్ని మళ్లీ ఇక్కడెవరు పెట్టారు?"

"ఇన్నేళ్లూ ఎవరో ఒకరు ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాను నాయనా," అంది అత్తయ్య. "ఇవాళ నన్ను నేనే తెచ్చి పెట్టుకున్నాను. ఎండ తగ్గాక నేనే తీసుకెళ్లిపోతాలే."